అంకణా కుదిరింది, మరి పాఠం?

(గుంటూరులో డిగ్రీ అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఒక వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నన్ను భోజనాల తర్వాత మాట్లాడమన్నారు. గుంటూరు ఎండ, గోంగూర పచ్చడి, నెత్తిన ఫ్యాను. ఈ మూడూ కలిసిన చోట మనిషిని మేలుకొలిపి ఉంచడం ఎవరికైనా కష్టమే. కునుకు వచ్చినవారు మొహమాటపడవద్దు. మీరు నిద్రపోతున్నారన్న సంగతి కనీసం నాకు కనిపిస్తుంది. ఆన్‌లైన్ తరగతిలో నాకు ఆ భాగ్యం కూడా లేదు. (నవ్వులు)

ఆహ్వానంలో అంశం పేరు ‘స్టూడెంట్ ఎంగేజ్‌మెంట్’ అని వేశారు. తెలుగులో ఏమందాం, నిమగ్నత అందామా, భాగస్వామ్యం అందామా అని నిర్వాహకులు ఫోను చేసి అడిగారు. ఎంగేజ్‌మెంట్ అంటే మా ఇంట్లో నిశ్చితార్థమే, ఇంకో అర్థం తెలియదన్నాను. ఫోను పెట్టేశాక మా అమ్మ గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని ఎటో చూస్తుంటే, ‘ఏమే, ఇక్కడే ఉన్నావా?’ అనేది. ఎదురుగా కూర్చున్న పిల్లను పట్టుకుని ఉన్నావా అని అడిగేది. మన భాషలో ఉండటం రెండు రకాలు. నేను మాట్లాడబోయేది ఆ రెండో రకం గురించి.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. కొన్నాళ్ళకు మనమందరం ఫోన్ల ముందు కూర్చున్నాం. నాకు బి.కాం. మొదటి సంవత్సరంలో 60 మంది పిల్లలు. ఆ రోజు పాఠం తరుగుదల. తెర మీద 57 పేర్లు కనిపించాయి. మామూలు తరగతిలో నాకు ఎన్నడూ 50 దాటలేదు, అందుకని సంబరపడ్డాను. 50 నిమిషాలు చెప్పాను. సందేహాలు ఉన్నాయా అంటే ఎవరికీ లేవు. ‘సరే, ఇక మీరు వెళ్ళవచ్చు’ అన్నాను. చాలామంది వెళ్ళారు. 19 పేర్లు మాత్రం కదలలేదు. మళ్ళీ చెప్పాను. పేరు పేరునా పిలిచాను. ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వినిపించింది, అంతే. ఆ 19 పేర్లనూ చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాను. తరువాత ఇంకో సంగతి తట్టింది. చెప్పగానే వెళ్ళిపోయినవారు మాత్రం పాఠంలో ఉన్నారని ఏమిటి నమ్మకం? పాఠం అయిపోయిందన్న ఒక్క మాట వినపడింది, వెళ్ళారు.

ఇక్కడ వాణిజ్యశాస్త్రం వారు ఎంతమంది? సగం పైనే ఉన్నారు. తక్కినవారి కోసం రెండు మాటలు చెబుతాను. వ్యాపారంలో జరిగిన ప్రతి వ్యవహారాన్నీ ముందు చిట్టాలో రాస్తాం, అక్కడి నుంచి ఆవర్జాకు ఎక్కిస్తాం, ఆవర్జాలో తేలిన నిల్వలన్నీ తెచ్చి డెబిట్ ఒక పక్క, క్రెడిట్ ఒక పక్క పేరుస్తాం. అదే అంకణా. రెండు పక్కలూ సమానమైతే పిల్లవాడి ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగును మేము మరుసటి పాఠంలోనే ఆర్పేస్తాం. అంకణా కుదిరినంత మాత్రాన లెక్కలు సరైనవని కాదు అంటాం. చిట్టాలోనే రాయకుండా వదిలేసిన వ్యవహారం అంకణాకు తెలియదు. యంత్రం కొన్న ఖర్చును మరమ్మతుల ఖాతాలో వేసినా తెలియదు. ఈ పక్క ఒక వంద, ఆ పక్క ఒక వంద పొరపాటున ఎక్కువ పడితే అసలే తెలియదు, అంకణా చక్కగా కుదిరి కూర్చుంటుంది.

ఈ పాఠాన్ని ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మనిషినే నేను. అయినా 57 పేర్లు చూసి మురిసిపోయాను.

ఇప్పుడు మన కళాశాలల్లో కొంత పాఠం తరగతి గదిలో, కొంత ఆన్‌లైన్‌లో నడుస్తోంది. ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 మే నెలలో ముసాయిదా పత్రం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ అంతకు ముందే, 2017లో వచ్చింది. ఐఐటీలు కలిసి నడిపే ఎన్‌పీటెల్ అంతకన్నా పాతది, 2003 నాటిది. వీటితో పాటు కొత్త అంకణాలూ వచ్చాయి. లాగిన్‌లు ఎన్ని, వీడియో చూసిన నిమిషాలు ఎన్ని, చర్చలో పెట్టిన వ్యాఖ్యలు ఎన్ని అని రంగురంగుల పటాలు వేసి తనిఖీకి వచ్చినవారికి చూపిస్తున్నాం. అన్నీ కుదురుతున్నాయి.

వీటిని పట్టుకుని నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. ఒక అమ్మాయి, పొన్నూరు వైపు నుంచి వచ్చేది. సెమిస్టర్ మొత్తంలో ఆన్‌లైన్‌లో ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క మాట రాయలేదు. వీడియో చూసినట్లు లెక్కలో నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో ఉంది. ఆమె పేరు ఎర్ర సిరాతో రాసుకున్నాను. పిలిచి మందలిద్దామని నోటుపుస్తకం తెమ్మన్నాను. తెచ్చింది. నేను చెప్పిన ప్రతి లెక్కా అందులో ఉంది, నేను చెప్పనివి కూడా చేసి ఉన్నాయి. ఇంట్లో ఫోను ఒక్కటే, అది అన్నయ్యది. అతను డ్యూటీకి వెళ్ళేలోపు స్నేహితురాలితో పాఠం ఫొటోలు పంపించుకుని, గబగబా పుస్తకంలోకి ఎక్కించుకుని, ఫొటోలు తుడిచేసి ఫోను ఇచ్చేసేది. మన కంప్యూటర్ దృష్టిలో ఆ అమ్మాయి లేదు. ఆ 19 మందేమో ఉన్నారు. తప్పు రెండు వైపులా పడింది, అంకణా కుదిరింది.

పరిశోధకులు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే ముగ్గురు 2004లో, బడి పిల్లల మీద వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, పాఠంలో ఉండటానికి మూడు పొరలు ఉన్నాయన్నారు. రావడం, రాయడం, చెప్పిన పని చేయడం ఒకటి. ఆ పాఠం మీద, పంతులు మీద, తోటివారి మీద కలిగే ఇష్టాయిష్టాలు ఇంకొకటి. బుర్రతో పెనుగులాడటం మూడోది. మన పటాలన్నీ మొదటి పొరనే కొలుస్తాయి, అదీ సగమే. ఆ పొన్నూరు అమ్మాయిది మూడో పొర. దానికి మీటరు లేదు.

దూరవిద్య మీద పనిచేసిన మైకేల్ మూర్ ఇంకా ముందే, 1989లో, ఇంకో విధంగా చెప్పాడు. విద్యార్థికీ పాఠానికీ మధ్య, విద్యార్థికీ గురువుకూ మధ్య, విద్యార్థికీ విద్యార్థికీ మధ్య మూడు రకాల రాకపోకలు ఉంటాయని. మనం ఆన్‌లైన్ అనగానే మొదటి దాని మీదే డబ్బు పోస్తాం. వీడియో, స్టూడియో, గ్రాఫిక్స్. మిగిలిన రెండు దారుల్లో గడ్డి మొలుస్తుంది.

అయినా దూరం నుంచి చదువుకోవడం మనకు కొత్తదా? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన తెలుగు నేల మీదే, 1982లో. ఇప్పుడు దానికి అంబేడ్కర్ గారి పేరు. మా పెద్దన్నయ్య అందులోనే బి.ఏ. చదివాడు. పగలు ప్రత్తి జిన్నింగు మిల్లులో గుమస్తా పని, ఆదివారం స్టడీ సెంటర్‌లో తరగతులు. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. అవి తెరిచినట్లు నాకు పెద్దగా జ్ఞాపకం లేదు, అన్నయ్య ఇక్కడ లేడు కాబట్టి చెబుతున్నాను. (నవ్వులు) ఆదివారం మాత్రం తప్పేవాడు కాదు. ఎందుకని అడిగితే, చరిత్ర చెప్పే మాస్టారు పోయిన వారం రాకపోతే ‘ఏమయ్యా, మిల్లులో ఓవర్‌టైమా?’ అని అడిగేవారట. ఇన్ని వందల మందిలో తాను మిల్లులో పని చేస్తానని ఆయనకు గుర్తుందని వాడికి మహా గర్వం. ఆ డిగ్రీతోనే తర్వాత ఉద్యోగం వచ్చింది. పోస్టులో వచ్చిన ఆ పుస్తకాల స్థానంలో ఇప్పుడు వీడియోలు వచ్చాయి. ఆ మాస్టారి స్థానంలో ఎవరు వచ్చారు?

ఈ ప్రశ్నకు లెక్కల్లో జవాబు కావాలంటే ఉంది. 2012లో అమెరికాలోని ఎంఐటీ ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెడితే 1,54,763 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. గట్టెక్కినవారు 7,157 మంది. కొత్తలో అలాగే ఉంటుందిలే, అలవాటైతే మెరుగుపడుతుందని అనుకున్నారు. ఎంఐటీ, హార్వర్డ్ కోర్సులను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. 2017-18లో చేరినవారిలో పూర్తి చేసినవారు 3.13 శాతం. అన్యాయంగా మాట్లాడకూడదు, ఊరికే తొంగిచూసి పోవడానికి వచ్చేవారూ ఉంటారు. విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్ళిన ప్రతివారూ పుస్తకం కొనరు కదా, మిరపకాయ బజ్జీలు తిని వచ్చేవారూ ఉన్నారు. కానీ మన పిల్లలు తొంగిచూడటానికి రాలేదు. కోర్సు పూర్తి చేస్తే ఇచ్చే క్రెడిట్లు రాకపోతే వారి డిగ్రీ ఆగిపోతుంది.

సరే, విమర్శ చాలు. నేను ఏమి మార్చానో చెబుతాను. చాలావరకు చీవాట్లు తిని నేర్చుకున్నవే.

మొదట వీడియోల సంగతి. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడవున్నా, సగటు విద్యార్థి దాని ముందు నిలిచేది ఆరు నిమిషాలకు మించడం లేదని తేలింది. ఈ మాట మన వరకు వచ్చేసరికి, ‘50 నిమిషాల వీడియోను ఎనిమిది ముక్కలు చేయండి’ అనే ఆదేశంగా మారింది. నేనూ చేశాను. చప్పటి చారును పెద్ద గిన్నెలో నుంచి ఎనిమిది చిన్న గిన్నెల్లోకి వంచినట్లయింది. తర్వాత పద్ధతి మార్చాను. మా పిల్లలు కొందరు విజయవాడ నుంచి బస్సులో వస్తారు. మంగళగిరి దాటాక మొదలుపెడితే కాజ టోల్‌గేటు వచ్చేలోపు అయిపోవాలి, అదీ కొలత. అందులో ఒకే ఒక్క చిక్కు ఉండాలి, ఆ చిక్కు విప్పకుండా వీడియో ఆగిపోవాలి. విప్పడం మరునాడు తరగతిలో. ‘మేడమ్, మోసం’ అన్నారు పిల్లలు. సీరియల్ వాళ్ళు చేస్తే మోసం కాదు, నేను చేస్తే మోసమా?

ఇప్పుడు నాకు ఇష్టమైన కథ. సరుకు నిల్వల విలువ కట్టడం అనే పాఠం ఉంది. సూత్రం ఒక్క వాక్యం. సరుకు కొనడానికి అయిన ఖర్చు, అమ్మితే ఖర్చులు పోను చేతికి వచ్చే మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని నిల్వ విలువగా చూపాలి. అకౌంటింగ్ ప్రమాణాల్లో రెండోది అదే చెబుతుంది. పాఠ్యపుస్తకంలో ‘ఎక్స్ కంపెనీ, వై వస్తువు’ అని ఉంటుంది. ఒక ఏడాది నేను వీడియో ఏమీ పెట్టకుండా, గురువారం రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ బృందంలో ఒక లెక్క పెట్టాను. మిర్చి యార్డులో ఒక వ్యాపారి క్వింటాలు 20,000 చొప్పున 20 క్వింటాళ్ళు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. మార్చి 31న ధర 18,500. అమ్మకం ఖర్చులు క్వింటాలుకు 500. నిల్వ విలువ ఎంత? మీ ఇంట్లో ఎవరినైనా అడగవచ్చు, జవాబు తప్పయినా ఫరవాలేదు, మార్కులు లేవు.

గుంటూరు పిల్లల ముందు మిర్చి ధర పెడితే ఊరుకుంటారా? రాత్రి పదకొండు దాకా ఫోను మోగుతూనే ఉంది. ఒకడు నాలుగు లక్షలు అన్నాడు, కొన్న ధర కదా అని. ఇంకొకామె మూడు లక్షల డెబ్బై వేలు అంది, అమ్మకం ఖర్చు మరిచిపోయి. కోల్డ్ స్టోరేజీ అద్దె కొన్న ధరలో కలపాలా వద్దా అని ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. తయారీలో భాగమైన నిల్వ అయితే తప్ప కలపకూడదు, అది ఆ ప్రమాణంలోనే ఉంది, కానీ ఆ రాత్రి నేను నోరు విప్పలేదు. అందరికన్నా ఆలస్యంగా, ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. మా నాన్న మిర్చి కొనలేదు, పండించాడు, మరి ఆయన నిల్వకు కొన్న ధర ఏది మేడమ్ అని.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ‘రేపు చూసి చెబుతాను’ అని రాశాను. ఆ రాత్రి ప్రమాణం మూలపాఠం తీసి చూస్తే, మొదటి పేజీలోనే ఉంది. రైతు తాను పండించిన పంట నిల్వను, ఆ రంగంలో స్థిరపడిన ఆనవాయితీ ప్రకారం అమ్మకపు విలువతోనే లెక్కకట్టేటట్లయితే, ఈ సూత్రం అతనికి వర్తించదని. మరునాడు తరగతిలో ఆ అబ్బాయిని లేపి, నీ ప్రశ్న వల్ల నేను ఇది చదివానని చెప్పాను. తరగతిలో అందరూ నిశ్శబ్దంగా విన్నారు. ఆ నిశ్శబ్దాన్ని ఏ మీటరుతో కొలుస్తారో నాకు తెలియదు.

దీనికి పూర్తి వ్యతిరేకం ఒకటి ఉంది, చర్చావేదిక. ప్రతి విద్యార్థీ ఒక వ్యాఖ్య రాయాలి, ఇద్దరికి జవాబివ్వాలి, ఐదు మార్కులు. ఏమి వస్తుందో మీకు తెలుసు. ‘చాలా బాగా చెప్పారు’, ‘మీ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను’. పెళ్ళిలో అక్షింతల్లాగా అందరి మీదా పడతాయి. చాట్‌జీపీటీ వచ్చాక ఆ అక్షింతలకు మంచి ఇంగ్లీషు కూడా తోడైంది. నేను ఆ ఐదు మార్కులు ఎత్తేశాను. దాని బదులు, వారానికి ఒకసారి నేనే ఒక ఆవర్జా ఖాతా రాసి, అందులో కావాలని ఒక తప్పు చేసి పెడతాను. పట్టుకోండి అంటాను. పంతులమ్మ తప్పు పట్టుకోవడంలో ఉన్న ఆనందం ముందు ఐదు మార్కులు ఏపాటి? ఒక వారం నేను కావాలని చేయని తప్పు కూడా పట్టుకున్నారు. అది వేరే కథ.

చిన్న పరీక్షల గురించి ఒక్క మాట. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం ఉంది. పాఠాన్ని మళ్ళీ చదువుకున్నవారు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తు తెచ్చుకున్నారు. మళ్ళీ చదవకుండా, గుర్తున్నది రాసి చూసుకున్నవారు వారం తర్వాత ఎక్కువ గుర్తు తెచ్చుకున్నారు. కాబట్టి వారానికి నాలుగు ప్రశ్నలు, మార్కులు లేకుండా పెట్టండి. మార్కులు పెడితే జవాబులు కలిసికట్టుగా వస్తాయి, అది మనకు కొత్త కాదు.

కెమెరా గురించి అడుగుతారని తెలుసు, ముందే చెబుతాను. బలవంతం చేయవద్దు. ఒకే గది ఇంట్లో, వెనుక మంచం మీద రాత్రి డ్యూటీ చేసి వచ్చిన తండ్రి నిద్రపోతుంటే ఆ పిల్ల కెమెరా ఎలా పెడుతుంది? డేటా ఖర్చు సరేసరి.

చివరగా అసలు బరువైన పని, జవాబివ్వడం. పిల్లవాడు లెక్క చేసి ఫొటో పంపితే టిక్కు పెట్టి వదిలేయకుండా, ‘ఇక్కడి దాకా బాగా వచ్చావు, మూడో వరుసలో దారి తప్పావు, ఒకసారి చూసుకో’ అని పేరు పెట్టి నా గొంతుతో చెప్పి పంపుతాను. తెలుగులోనే. వీడియోలు ఇంగ్లీషులో ఉంటాయి, పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేటప్పుడైనా వారి భాషలో చెప్పకపోతే ఎలా? మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. వారానికి 20 మంది, 40 నిమిషాలు. మూడు వారాలకు 60 మందీ ఒక చుట్టు పూర్తవుతారు.

‘నాకు నాలుగు సెక్షన్లు ఉన్నాయి మేడమ్’ అని అక్కడ ఎవరో అంటున్నారు. నిజమే. 240 మందికి ఇది కుదరదు. ఆ మాట యాజమాన్యాలకు కూడా చెప్పాలి. ఆన్‌లైన్ అనగానే ఒక్క అధ్యాపకుడితో 300 మందిని లాగించవచ్చని కొందరు లెక్క వేసుకున్నారు. గదికి గోడలు లేవు కాబట్టి ఎంతమందినైనా కూర్చోబెట్టవచ్చని. గోడలు లేవు, నిజమే. పంతులికి నోరు మాత్రం ఒక్కటే ఉంది. స్వయం కోర్సుల్లో చేరిన పిల్లలకైతే ఇంకా ఘోరం. వారు ఏ కోర్సు తీసుకున్నారో కళాశాలలో చాలామందికి తెలియదు. ఎన్‌పీటెల్‌లో వారం వారం పెట్టే పనులకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75. ఆ 75 దగ్గరికి వచ్చేదాకా వాడు ఏ వారంలో ఆగిపోయాడో అడిగిన నాథుడు ఉండడు. ఒక్కో అధ్యాపకుడికి పదిమందిని అప్పగించి, వారానికి ఒకసారి ‘ఎక్కడి దాకా వచ్చావు?’ అని అడిగించినా చాలు.

(శ్రోతల్లో ఒక అధ్యాపకుడు: ఫోను చేసినా ఎత్తని విద్యార్థిని ఏమి చేయాలి?)

మంచి ప్రశ్న. నేను మొదటి పది రోజుల్లో మొదటి పని పంపనివారికి ఫోను చేస్తాను. ఎందుకు పంపలేదని అడగను, ఎక్కడ ఆగావని అడుగుతాను. ఒక ఏడాది ఫిబ్రవరిలో ఒక అబ్బాయి, చిలకలూరిపేట దగ్గర ఊరు, మూడుసార్లు చేసినా ఎత్తలేదు. నాలుగోసారి వాళ్ళ అమ్మ ఎత్తింది. ఫలానా కళాశాల నుంచి అనగానే కంగారుపడి, ‘ఫీజు వచ్చే వారం కట్టేస్తామమ్మా’ అంది. ఫీజు గురించి కాదమ్మా, లెక్క గురించి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘కాలేజీ వాళ్ళు ఫీజుకు కాకుండా ఫోను చేయడం ఇదే మొదటిసారి’ అంది. అబ్బాయి మిర్చి కోతకు వెళ్ళాడట, కూలీలు దొరకక. తరగతి సమయానికి ఫోను ఇంట్లో ఛార్జింగ్‌లో పెట్టి, తరగతిలో చేరినట్లు నొక్కి వెళ్ళేవాడట. హాజరు పోకుండా.

రాత్రి ఏడున్నరకు అతనే చేశాడు. వెనుక ట్రాక్టరు చప్పుడు. క్షమించమని గానీ, కోతల వల్లనని గానీ ఏమీ అనలేదు. ‘మేడమ్, ఆ మిర్చి లెక్కలో నిల్వ నాలుగు లక్షలు కాదు, మూడు లక్షల అరవై వేలు కదా? మా యార్డులో కమీషన్ కూడా తీస్తారు, అది ఐదొందల్లోనే ఉందా, వేరేనా?’ అని అడిగాడు.